లారీల ప్లటూనింగ్: డీజిల్ లెక్క ఎక్కడ తప్పింది?

2016 ఏప్రిల్ మొదటి వారంలో యూరప్‌లోని ఆరు లారీ కంపెనీలు (డాఫ్, డైమ్లర్, ఇవెకో, మాన్, స్కానియా, వోల్వో) తమ లారీలను వేర్వేరు చోట్ల నుంచి బయల్దేరదీసి నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ రేవుకి చేర్చాయి. లారీలు జట్లు జట్లుగా ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. జట్టులోని లారీల మధ్య రేడియో సంబంధం ఉంది. ముందు లారీ డ్రైవర్ బ్రేకు తొక్కితే, వెనక లారీ డ్రైవర్ కాలు కదపకముందే అక్కడా బ్రేకు పడుతుంది. దీన్నే ప్లటూనింగ్ అంటున్నారు. అప్పట్లో యూరోపియన్ యూనియన్ అధ్యక్ష స్థానంలో ఉన్న నెదర్లాండ్స్ ప్రభుత్వం ముందుండి ఈ కార్యక్రమం జరిపించింది. ఇంకొన్నేళ్లలో హైవేల మీద ఇది మామూలు విషయం అయిపోతుందన్న ఆశ అప్పుడు గట్టిగానే ఉండేది.

మూడేళ్లు తిరగలేదు. 2019 జనవరిలో లాస్ వేగస్‌లో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో డైమ్లర్ తన మాట మార్చుకుంది. ప్లటూనింగ్‌లో ఇంధనం ఆదా అవుతున్న మాట నిజమే కానీ అనుకున్నంత కావడం లేదని, జట్టు విడిపోయి మళ్లీ కలవాల్సి వచ్చినప్పుడు ఆ కాస్త ఆదా కూడా కరిగిపోతోందని, కనీసం అమెరికాలోని దూరప్రయాణాల్లో దీనికి వ్యాపారపరంగా దారి కనిపించడం లేదని చెప్పింది. అదే వేదిక మీద, దాదాపు పూర్తిగా తమంతట తామే నడిచే లారీల మీద 50 కోట్ల యూరోలు పెడతామని ప్రకటించింది. ప్లటూనింగ్ మీదే పుట్టిన కాలిఫోర్నియా కంపెనీ పెలోటన్ 2021లో మూతపడింది.

యంత్రాలు మొరాయించి ఈ పరిస్థితి వచ్చి ఉంటే అర్థం చేసుకోవడం తేలిక. కానీ యంత్రాలు బాగానే పనిచేశాయి. మరి చిక్కు ఎక్కడ వచ్చిందో తెలియాలంటే రెండు లారీల మధ్య ఉండే ఖాళీని కాస్త దగ్గరగా చూడాలి.

గాలి ఇచ్చేది ఎంత

లారీ వెనకాల బాగా దగ్గరగా స్కూటర్ నడిపినవాళ్లకి ఈ సంగతి ఒంటికి తెలుసు: ఎదురుగాలి ఉన్నట్టుండి తగ్గిపోతుంది. (ప్రాణం మీద తీపి ఉన్నవాళ్లు చేయాల్సిన పని కాదనుకోండి.) పెద్ద లారీ ముందు ముఖం వైశాల్యం దాదాపు పది చదరపు మీటర్లు. అమెరికాలో లారీలు మామూలుగా నడిచే గంటకి 105 కి.మీ. వేగంలో ఇంజన్ చక్రాలకిచ్చే శక్తిలో సుమారు సగం గాలిని తోసుకుంటూ పోవడానికే ఖర్చవుతుంది. వెనక లారీ ముందు లారీ చాటున నడిస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. ముందు లారీకి కూడా కొంత లాభం ఉంటుంది. లారీ వేగంగా వెళ్తున్నప్పుడు దాని వెనక తలుపుల దగ్గర గాలి పలచబడి లారీని వెనక్కి లాగుతూ ఉంటుంది. వెనకాలే ఇంకో లారీ వస్తే ఆ లాగుడు తగ్గుతుంది.

కొలిచి చూసిన అంకెలు మొదట్లో ఆశ పుట్టించేలాగే ఉన్నాయి. అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల 2014లో పెలోటన్ పరికరాలు పెట్టిన రెండు లారీలను టెస్ట్ ట్రాక్ మీద నడిపించి చూసింది. ముందు లారీకి గరిష్ఠంగా 5.3 శాతం, వెనక లారీకి గరిష్ఠంగా 9.7 శాతం ఇంధనం మిగిలింది. సరుకు రవాణాలో ఒక్కో శాతం కోసం టైర్లు మార్చి, ట్రెయిలర్ పక్కన రేకులు బిగించి తంటాలు పడే కంపెనీలకి ఇది చిన్న విషయం కాదు.

అదే పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. మరీ దగ్గరగా వెళ్తే వెనక లారీ ఇంజన్ వేడెక్కింది. ముందు లారీ చాటున ఉండడం వల్ల రేడియేటర్‌కి తగినంత గాలి తగల్లేదు. దాంతో ఇంజన్ ఫ్యాన్ తిరగడం మొదలైంది. పెద్ద లారీ ఫ్యాన్ తిరగడానికి కావలసిన శక్తి తక్కువేమీ కాదు. ఏ గాలిని తప్పించుకుని డీజిల్ మిగుల్చుకోవాలనుకున్నారో ఆ గాలే లేక డీజిల్ ఖర్చయింది. ఎంత దగ్గరైతే అంత లాభం అన్న సూత్రం ఒక హద్దు దాటాక చెల్లదని దీంతో తేలింది.

ఆ తర్వాత కెనడాలోని క్వెబెక్ రాష్ట్రంలో, బ్లెయిన్‌విల్ టెస్ట్ ట్రాక్ మీద మూడు లారీలతో జరిగిన పరీక్షలు ఇంకో కోణం చూపించాయి. లారీల మధ్య ఖాళీ సుమారు 17 మీటర్లున్నప్పుడు ఆదా ఎక్కువ, సుమారు 43 మీటర్లున్నప్పుడు తక్కువ. అది ఊహించిందే. కానీ ఆ రెండు కొసల మధ్య తేడా పెద్దగా లేదు. జట్టు మొత్తానికి ఆదా దాదాపు 8 శాతం నుంచి 5 శాతానికి దిగిందంతే. అంటే 40 మీటర్ల దూరంలో కూడా ముందు లారీ చాటు పనిచేస్తూనే ఉంది.

పైకి ఇది మంచి వార్తలా కనిపిస్తుంది. నా దృష్టిలో మాత్రం ప్లటూనింగ్ వ్యాపారానికి మొదటి గట్టి దెబ్బ ఇక్కడే తగిలింది. టెస్ట్ ట్రాక్ మీద పోల్చింది ఒంటరిగా నడిచే లారీతో. నిజం హైవే మీద లారీ ఒంటరిగా నడవదు. దాని ముందు నలభై, యాభై మీటర్ల దూరంలో ఇంకో లారీయో బస్సో చాలాసార్లు ఉంటుంది. ఆ చాటు లాభంలో కొంత ఏ పరికరమూ లేకుండానే దానికి దక్కుతోంది. అలాంటప్పుడు ప్లటూన్ పరికరం కొన్నవాడికి అదనంగా వచ్చేది ఆ మిగిలిన రెండు మూడు శాతమే. ట్రాక్ మీద వచ్చిన అంకెకీ రోడ్డు మీద వచ్చిన అంకెకీ తేడా ఎందుకొచ్చిందో చాలావరకు దీనితోనే చెప్పొచ్చు.

జర్మనీలో నిజం రోడ్డు మీద, నిజం సరుకుతో చేసిన ప్రయోగం ఒకటుంది. మాన్ కంపెనీ, డీబీ షెంకర్ రవాణా సంస్థ, ఫ్రెసీనియస్ విశ్వవిద్యాలయం కలిసి 2018లో మ్యూనిక్, న్యూరెంబర్గ్ మధ్య ఏ9 ఆటోబాన్ మీద రెండు లారీల ప్లటూన్‌ని దాదాపు 35,000 కి.మీ. తిప్పాయి. లారీల మధ్య 15 నుంచి 21 మీటర్లు ఉంచారు. జర్మన్ చట్టం ప్రకారం ఆటోబాన్ మీద 50 కి.మీ. వేగం దాటిన లారీ ముందు వాహనానికి కనీసం 50 మీటర్లు వదలాలి. అందుకని ప్రత్యేక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. వ్యవస్థ 98 శాతం సాఫీగా పనిచేసింది. డ్రైవర్ కలగజేసుకోవాల్సిన అవసరం 2,000 కి.మీ.కి ఒకసారి వచ్చిందట. మొదట్లో అనుమానంగా ఎక్కిన డ్రైవర్లు కొన్ని వారాల్లో అలవాటు పడ్డారు. ఇంకా దగ్గరగా, 10 నుంచి 15 మీటర్లలో అయినా నడుపుతామన్నారు. ఇంతా చేస్తే మిగిలిన ఇంధనం 3 నుంచి 4 శాతం.

ముందు లారీ మనసులో మాట

డీజిల్ సంగతి పక్కన పెట్టి, అసలు ఇంత దగ్గరగా నడవడం ఎలా సాధ్యమైందో చూద్దాం. ఈ కథలో నిజంగా విలువైన భాగం ఇదే.

ఇప్పుడు మన దగ్గర కూడా ఖరీదైన కార్లలో అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ వస్తోంది. ముందున్న వాహనాన్ని రాడార్‌తో చూసి వేగం తగ్గించుకోవడం, పెంచుకోవడం దాని పని. దానికి కనిపించేది ముందున్న ఒక్క వాహనమే. అది కూడా ఆ వాహనం వేగం నిజంగా మారిన తర్వాతే తెలుస్తుంది. ముందు డ్రైవర్ పెడల్ తొక్కాలి, బ్రేకు పట్టాలి, వేగం తగ్గాలి, దూరం తగ్గాలి, అది రాడార్‌కి తెలియాలి, తెలిసిందాన్ని కంప్యూటర్ నమ్మాలి, ఆ పైన మన బ్రేకు పడాలి. ఈలోగా కొంత సమయం పోతుంది. పోయిన సమయాన్ని సరిదిద్దుకోవడానికి మన కారు ముందు కారు కంటే కాస్త గట్టిగా బ్రేకు వేస్తుంది. మన వెనకవాడు మన కంటే ఇంకాస్త గట్టిగా వేస్తాడు. పది వాహనాలు దాటేసరికి, ముందువాడు కొద్దిగా తగ్గించిన వేగం చివరివాడి దగ్గర పూర్తిగా ఆగిపోవడం దాకా వెళ్లొచ్చు. హైవే మీద ఏ కారణమూ కనిపించకుండా ట్రాఫిక్ ఆగి మళ్లీ కదలడం చాలాసార్లు ఇలా జరిగేదే.

వరుసలో వెనక్కి వెళ్లేకొద్దీ కుదుపు పెరగకుండా తగ్గితే ఆ వరుసకి స్ట్రింగ్ స్టెబిలిటీ ఉందంటారు. ఈ విషయాన్ని గణితంగా గట్టి పునాది మీద నిలబెట్టిన వ్యాసాల్లో ఒకటి 1996లో ఐట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం) వారి ఆటోమేటిక్ కంట్రోల్ పత్రికలో వచ్చింది. రాసినవాళ్లు కాలిఫోర్నియాలోని బర్క్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కార్ల్ హెడ్రిక్, ఆయన శిష్యుడు దర్భా స్వరూప్. ఇంటిపేరు చూడగానే తెలుగు పాఠకులకు ఆసక్తి కలుగుతుంది. ఆయన తర్వాత టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

ఆ పరిశోధనల్లో తేలిన ముఖ్య విషయాన్ని మామూలు మాటల్లో చెప్పొచ్చు. వాహనాల మధ్య దూరాన్ని సెకన్లలో కొలిచి, వేగంతోపాటు పెంచుకుంటూ పోతే, రాడార్ ఒక్కదాంతోనే వరుస కుదురుగా ఉండేలా చేయొచ్చు. కానీ ఆ దూరం బాగానే ఎక్కువ ఉండాలి. అలా కాక ఏ వేగంలోనైనా ఇన్ని మీటర్లే ఉండాలని పట్టుబడితే, ముందున్న వాహనాన్ని మాత్రమే చూసే పద్ధతితో అది సాధ్యం కాదు. వరుస మొదట్లో ఉన్న వాహనం ఏం చేస్తోందో ప్రతి వాహనానికీ నేరుగా తెలియాలి.

నేరుగా తెలియజేసేదే కోఆపరేటివ్ అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్. రాడార్‌కి రేడియో తోడవుతుంది. ప్రతి వాహనం సెకనుకి పదిసార్లో అంతకంటే ఎక్కువో తన వేగం, త్వరణం, బ్రేకు స్థితి ప్రసారం చేస్తుంది. ముందు డ్రైవర్ కాలు పెడల్ మీద పడిన క్షణానే, అతని లారీ వేగం ఇంకా తగ్గకముందే, వెనకాల ఉన్న లారీలన్నిటికీ కబురు అందుతుంది. రాడార్ జరిగిందాన్ని చూస్తే రేడియో జరగబోయేదాన్ని చెబుతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం బాగా చూపించింది. బర్క్లీలోని పాత్ అనే రవాణా పరిశోధన సంస్థ నాలుగు ఇన్ఫినిటీ కార్లను వరుసగా నడిపింది. కంపెనీ బిగించి ఇచ్చిన మామూలు అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌తో నడిపినప్పుడు, ముందు కారు వేగంలో వచ్చిన చిన్న మార్పు నాలుగో కారు దగ్గరికి వచ్చేసరికి పెద్ద ఊపు అయింది. అవే కార్లకి రేడియో జోడించినప్పుడు ఆ మార్పు వెనక్కి వెళ్లేకొద్దీ అణిగిపోయింది. ఆ తర్వాత వేరే పరిశోధకులు అమెరికా మార్కెట్లో దొరికే కార్లను పరీక్షించి, వాళ్లు పరీక్షించిన వాటిలో ఏ ఒక్కదాని క్రూయిజ్ కంట్రోల్‌కీ ఈ స్థిరత్వం లేదని తేల్చారు. అంటే రేడియో లేని క్రూయిజ్ కంట్రోల్ అందరూ వాడడం మొదలుపెడితే ట్రాఫిక్ ఊగిసలాట తగ్గడం అటుంచి పెరిగే ప్రమాదం ఉంది. డ్రైవర్ కాలికి సుఖం, రోడ్డుకి కష్టం.

అదే పాత్ సంస్థ కంప్యూటర్ నమూనాల ప్రకారం, హైవేలో ఒక్కో లైను గంటకి మోయగలిగే సుమారు 2,000 వాహనాలు, అన్ని వాహనాలకీ ఈ రేడియో వ్యవస్థ ఉంటే 4,000 దాకా పెరగొచ్చు. రేడియో లేని క్రూయిజ్ కంట్రోల్ ఎంతమంది వాడినా ఆ అంకె పెద్దగా కదలదు. మెలిక మాత్రం 'అన్ని వాహనాలకీ' అన్న మాట దగ్గర ఉంది. పదింటిలో రెండు వాహనాలకే రేడియో ఉంటే, ఆ రెండూ పక్కపక్కన తటస్థపడితే తప్ప లాభం లేదు. మొదట కొన్నవాడికి ఏమీ రాదు కాబట్టి మొదట కొనేవాడు దొరకడు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1991లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ, 1997 నాటికి ఆటోమేటెడ్ హైవేని కళ్లకు చూపించమంది. 1997 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర ఐ-15 రహదారి మీద ఎనిమిది బ్యూక్ కార్లు ఒకదానికొకటి ఆరున్నర మీటర్ల ఎడంలో, గంటకి సుమారు 96 కి.మీ. వేగంతో, రోడ్డులో పాతిన అయస్కాంతాలను పసిగడుతూ, ఎవరూ స్టీరింగ్ పట్టుకోకుండా దూసుకుపోయాయి. ఆ వేగంలో ఆరున్నర మీటర్లంటే పావు సెకను. ప్రదర్శన అద్భుతంగా జరిగింది. ఆ వెంటనే నిధులు ఆగిపోయాయి. 2009 నుంచి 2012 దాకా యూరప్‌లో సార్త్ర్ అనే ప్రాజెక్టు కింద వోల్వో లారీ వెనక కార్లను ఇలాగే నడిపించారు. ఆ కథ కూడా ప్రదర్శనతోనే ముగిసింది.

బ్రేకులు ఒప్పుకోవాలి

రేడియో కబురు మెరుపులా అందినా లారీ ఆగాల్సింది బ్రేకులతో. గంటకి 80 కి.మీ. వేగంలో లారీ సెకనుకి 22 మీటర్లు పోతుంది. 15 మీటర్ల ఎడమంటే సెకనులో మూడింట రెండు వంతులు. ఎయిర్ బ్రేకు గొట్టాల్లో గాలి నిండి బ్రేకు పట్టడానికే అందులో కొంత పోతుంది. అసలు సమస్య దాని తర్వాత వస్తుంది. ఖాళీ లారీ ఒకలా ఆగుతుంది, నిండు లారీ ఇంకోలా ఆగుతుంది. అరిగిన టైరు, తడిసిన రోడ్డు, డిస్క్ బ్రేకు, డ్రమ్ బ్రేకు, అన్నిటికీ తేడాలున్నాయి. వెనక లారీ ముందు లారీ కంటే ఆలస్యంగా ఆగేదైతే ఎంత మంచి రేడియో ఉన్నా గుద్దుకోక తప్పదు.

అందుకే పెలోటన్ పద్ధతిలో వరుసక్రమాన్ని బ్రేకులు నిర్ణయించేవి. బాగా ఆగగలిగే లారీ ఎప్పుడూ వెనక ఉండాలి. కాగితం మీద చక్కగా ఉంది. కానీ రేవులో ముందు బయల్దేరింది ఏది, ఎవరి సరుకు ముందు దిగాలి, ఎవరు ఎక్కడ మలుపు తిరగాలి అన్నవి బ్రేకుల ప్రకారం జరగవు. ఒకే కంపెనీ లారీలైతే సర్దుకోవచ్చు. వేర్వేరు కంపెనీల లారీలైతే, ఎదుటివాడి బ్రేకులు ఎలా ఉన్నాయో వాడి కంప్యూటర్ చెప్పిన మాట నమ్మాలి.

యూరప్ ఈ నమ్మకం సమస్యని పరిష్కరించాలని 2018లో ఎన్‌సెంబుల్ అనే ప్రాజెక్టు మొదలుపెట్టింది. వేర్వేరు కంపెనీల లారీలు ఒకే రేడియో భాష మాట్లాడేలా చేయడం దాని లక్ష్యం. 2021లో స్పెయిన్‌లోని బార్సిలోనా ప్రాంతంలో అన్ని కంపెనీల లారీలను కలిపి నడిపి చూపించారు. భాష కుదిరింది. కానీ డ్రైవరే బాధ్యుడుగా ఉండే వ్యవస్థకి సురక్షితమైన ఎడం ఎంత అని లెక్క కట్టేసరికి అది గాలి చాటు లాభం పెద్దగా మిగలనంత దూరమైంది. భద్రత వైపు జరిగితే డీజిల్ పోతోంది, డీజిల్ వైపు జరిగితే భద్రతకి హామీ ఇచ్చేవాడు లేడు.

పక్క లైనులోంచి దూరే కార్ల గోల ఇంకొకటి. పదిహేను మీటర్ల ఖాళీ కనిపిస్తే ఎగ్జిట్ పట్టుకోవాలనుకునే కారువాడు అందులోకి దూరతాడు. ఏ దేశమైనా ఈ బుద్ధిలో తేడా లేదు. కారు దూరగానే ప్లటూన్ విడిపోయి వెనక లారీ వెనక్కి తగ్గాలి. కారు వెళ్లిపోయాక వేగం పెంచి మళ్లీ కలవాలి. నలభై టన్నుల బరువుని మళ్లీ వేగం అందుకునేలా చేయడానికి పోయే డీజిల్, అప్పటిదాకా మిగిల్చిన డీజిల్‌ని తినేస్తుంది. డైమ్లర్ చెప్పింది సరిగ్గా ఇదే.

జత కలిసేదెలా

ఇంజనీర్లు తక్కువగా మాట్లాడేదీ లారీ యజమాని మొదట అడిగేదీ ఒక్కటే ప్రశ్న: నా లారీకి జత ఎక్కడ దొరుకుతుంది? ఒకే సమయానికి, ఒకే దారిలో, ఒకే రకం పరికరంతో, సరిపోయే బరువుతో, సరిపోయే బ్రేకులతో ఇంకో లారీ ఉండాలి. యూరప్‌లో లారీలకి 90 కి.మీ. దగ్గర స్పీడ్ లిమిటర్ ఉంటుంది. జతకావలసిన లారీ రెండు కిలోమీటర్ల ముందుంటే, దానికంటే 5 కి.మీ. ఎక్కువ వేగంతో వెంబడించినా అందుకోవడానికి 24 నిమిషాలు పడుతుంది. పోనీ ముందువాడు నెమ్మదిస్తాడా అంటే, వాడి టైము ఎందుకు పోగొట్టుకుంటాడు?

పైగా వెనక లారీకి లాభం ఎక్కువ, ముందు లారీకి తక్కువ. ఇద్దరూ పోటీ కంపెనీల వాళ్లైతే వెనకవాడు ముందువాడికి డబ్బులు కట్టాలా? దానికి మధ్యలో లెక్కలు చూసే సంస్థ ఉండాలన్నారు, అది తన కమిషన్ తను తీసుకుంటుందన్నారు. మూడు శాతం లాభాన్ని ముగ్గురు పంచుకోవడం మొదలుపెడితే ఎవరి చేతిలో ఏం మిగులుతుంది?

ఇక్కడ అమెరికా రవాణా పరిశోధన సంస్థ లెక్కలు చూడాలి. 2023లో అక్కడ లారీ మైలు నడవడానికి సగటు ఖర్చు సుమారు 2.27 డాలర్లు. అందులో ఇంధనం దాదాపు 55 సెంట్లు. డ్రైవర్ జీతం, ఇతర సదుపాయాలు కలిపి దాదాపు 97 సెంట్లు. ప్లటూన్ వల్ల ఇంధనం 4 శాతం తగ్గితే మైలుకి రెండు సెంట్ల పైచిలుకు మిగులుతుంది. వెనక లారీలో డ్రైవర్‌ని తీసేయగలిగితే ఆ లారీ మీద మైలుకి 97 సెంట్లు మిగులుతాయి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్లటూనింగ్‌ని డీజిల్ పథకంగా అమ్మడమే పొరపాటని అర్థమవుతుంది. దాని వెనక ఉన్నది మొదటినుంచీ జీతం లెక్కే. ఆ మాట పైకి అంటే డ్రైవర్ల సంఘాలు ఊరుకోవు కాబట్టి పర్యావరణం పేరు ముందుకొచ్చిందని నా అనుమానం.

ఈ నిజాన్ని దాచకుండా ఒప్పుకుని మొదలైనవాళ్లూ ఉన్నారు. పిట్స్‌బర్గ్‌లో 2018లో పుట్టిన లోకోమేషన్ అనే కంపెనీ, ముందు లారీ డ్రైవర్ నడుపుతుంటే వెనక లారీ తనంతట తానే వెంబడిస్తుందని, అందులోని డ్రైవర్ ఆ సమయంలో పడుకోవచ్చని, తర్వాత ఇద్దరూ వంతు మార్చుకోవచ్చని చెప్పింది. అమెరికాలో లారీ డ్రైవర్ రోజుకి 11 గంటలకి మించి స్టీరింగ్ పట్టకూడదు. వెనక లారీలో గడిపిన సమయం విశ్రాంతిగా లెక్కకొస్తే లారీ రాత్రీ పగలూ ఆగకుండా తిరగొచ్చు. డీజిల్ కథ కంటే ఇది ఎంతో బలమైన కథ. కానీ డ్రైవర్ నిద్రపోవాలంటే వెనక లారీ పూర్తిగా నమ్మదగ్గదై ఉండాలి. ముందు లారీతో బంధం తెగిపోయినా తనంతట తాను క్షేమంగా బయటపడగలగాలి. అంత తెలివి ఉన్న లారీకి ఇక ముందు లారీ దేనికి? ప్లటూనింగ్‌ని లోపలినుంచి తినేసింది ఈ ప్రశ్నే. లోకోమేషన్ 2023లో మూతపడింది.

జపాన్‌ది మరో తరహా అవసరం. అక్కడ డ్రైవర్లు దొరకడం లేదు. ఉన్నవాళ్లు ముసలివాళ్లవుతున్నారు. దానికి తోడు 2024 ఏప్రిల్ నుంచి లారీ డ్రైవర్ల ఓవర్‌టైమ్‌ని ఏడాదికి 960 గంటలకి పరిమితం చేసే చట్టం రాబోతోందని ముందే తెలుసు. అందుకే జపాన్ ప్రభుత్వం డీజిల్ మాట పెద్దగా ఎత్తలేదు. 2021 ఫిబ్రవరిలో షిన్-తోమెయ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మూడు లారీల ప్లటూన్ నడిపింది. ముందు లారీలో మాత్రమే డ్రైవర్ ఉన్నాడు. వెనక రెండింటి డ్రైవర్ సీట్లూ ఖాళీ. వేగం సుమారు 80 కి.మీ., ఎడం సుమారు 9 మీటర్లు, దూరం 15 కి.మీ. దాకా. ఇంతవరకు జరిగిన ప్లటూన్ ప్రయోగాల్లో ఎందుకు చేస్తున్నామో స్పష్టంగా తెలిసి చేసింది ఇదేనని చెప్పొచ్చు.

మన హైవేల మాట

మన దగ్గర ఖర్చుల లెక్క తిరగబడుతుంది. డ్రైవర్, క్లీనర్ జీతాల కంటే డీజిల్ బిల్లే చాలా పెద్దది. అందుకని ప్లటూనింగ్ మనకే ఎక్కువ పనికొస్తుందని ఎవరైనా వాదించొచ్చు. ఆ వాదన వేగం దగ్గర ఆగిపోతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 50 కి.మీ. మీద నడిచే లారీకి గాలి నిరోధం 80 మీద నడిచేదానికి ఉండేదాంట్లో 40 శాతం కూడా ఉండదు. ఎన్‌హెచ్-44 మీదో ఎన్‌హెచ్-65 మీదో లోడుతో వెళ్లే లారీ ఎక్కువసేపు నడిచే వేగాన్ని గుర్తు చేసుకుంటే, మిగిల్చుకోవడానికి అసలు గాలి ఖర్చే తక్కువని తెలుస్తుంది. రెండు లారీల మధ్య పదిహేను మీటర్ల ఖాళీలోకి బైకు దూరడం, రాంగ్ రూట్లో ట్రాక్టర్ ఎదురురావడం లాంటివి వేరే చెప్పక్కర్లేదు.

రేడియో మాత్రం మనకి పనికొస్తుంది, దగ్గరగా నడవడానికి కాకపోయినా. రాత్రిపూట హైవే పక్కన లైట్లు లేకుండా ఆగిపోయిన లారీని వెనకనుంచి గుద్దడం మన రోడ్ల మీద పాత జబ్బు. ఆగిపోయిన లారీ 'నేనిక్కడ ఆగి ఉన్నాను' అని ప్రసారం చేస్తే, అర కిలోమీటరు వెనక వచ్చే లారీకి మలుపు అవతల ఉన్నది కూడా తెలుస్తుంది. దీనికి తొమ్మిది మీటర్ల ఎడమూ అక్కర్లేదు, బ్రేకుల వరుసక్రమమూ అక్కర్లేదు. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో 2022లో ప్రారంభమైన తిహాన్ లాంటి, డ్రైవర్ లేని వాహనాల పరీక్షా క్షేత్రాల్లో మొదట తేల్చాల్సింది ఇలాంటి పనులే అనిపిస్తుంది. ప్రతి వాహనానికీ రేడియో ఉంటే తప్ప లాభం లేదన్న పాత చిక్కు ఇక్కడా ఉంది. కాకపోతే దాన్ని మార్కెట్‌కి వదిలేయకుండా నిబంధనగా పెట్టొచ్చు. స్పీడ్ గవర్నర్‌ని అలాగే పెట్టారు.

రేడియోకి తరంగాలు కూడా కావాలి. అమెరికాలో 1999లో వాహనాల కోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ కేటాయించారు. ఇరవై ఏళ్లలో వాటిని కార్ల కంపెనీలు పెద్దగా వాడుకోలేదు. 2020లో ప్రభుత్వం అందులో 45 మెగాహెర్ట్జ్ తీసి వైఫైకి ఇచ్చేసింది.

ఇప్పుడు పరుగు ఒంటరిగా నడిచే లారీల వైపు ఉంది. 2025లో అరోరా కంపెనీ టెక్సస్‌లో డాలస్, హ్యూస్టన్ మధ్య డ్రైవర్ లేకుండా సరుకు రవాణా మొదలుపెట్టింది. కొద్ది వారాల్లోనే లారీ తయారీదారు కోరిక మీద ముందు సీట్లో ఒక మనిషిని మళ్లీ కూర్చోబెట్టాల్సి వచ్చింది. జపాన్ కూడా దారి మార్చింది. 2025 మార్చిలో అదే షిన్-తోమెయ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద, నుమాజు, హమామత్సు మధ్య దాదాపు 100 కి.మీ. మేర రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 5 దాకా సొంతంగా నడిచే లారీల కోసం ఒక లైను ప్రత్యేకించి ప్రయోగాలు మొదలుపెట్టింది. అక్కడ లారీలు ఒకదాన్నొకటి వెంబడించవు. కానీ సర్వీస్ ఏరియా నుంచి బయటికొచ్చి ప్రధాన లైన్‌లో కలవబోయే లారీకి, వెనకనుంచి ఏ వాహనాలు ఎంత వేగంతో వస్తున్నాయో రోడ్డు పక్కన పెట్టిన పరికరాలు రేడియోలో చెబుతాయి.